రేకు తీసి ఇచ్చిన బిళ్ళలు

నాకు ఇరవై రెండో ఏట ఆయాసం మొదలైంది. మాది మామిడి వ్యాపారం. నూజివీడులో మాకొక షెడ్డు ఉండేది. మార్చి ఆఖరు నుంచి జూన్ నడిమి దాకా అందులో వరిగడ్డి పరిచి, చెక్కపెట్టెల్లో కాయలు సర్ది, లారీలకెక్కించేవాళ్ళం. గడ్డి దులిపినప్పుడు లేచే దుమ్ము నా ఊపిరికి పడేది కాదు. వ్యాపారం మానే ఉద్దేశం లేదు కాబట్టి మందులు పట్టుకున్నాను. మా నాన్న తమలపాకుల పెట్టె ఆయన పోయాక నా మందుల పెట్టె అయింది.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. ఆ పెట్టెలో మూడు రకాల బిళ్ళలుండేవి. మొదటిది ఎఫెడ్రిన్, థియోఫిలిన్ రెండూ కలిపినది. వేసుకున్న గంటకు ఛాతీ సడలేది గానీ గుండె దడ, కడుపులో తిప్పడం. ఆ రాత్రికిక నిద్ర ఉండేది కాదు. రెండోది సాల్బుటమాల్. ఊపిరి తొందరగా అందేది, కానీ చేతులు వణికేవి. ఆ బిళ్ళ వేసుకుని సంతకం పెడితే బ్యాంకులో గుమస్తా నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసేవాడు. మూడోది స్టెరాయిడ్, ప్రెడ్నిసోలోన్. చిన్న తెల్ల బిళ్ళ. వేసుకున్న పూట ఏమీ తెలియదు. మర్నాటికో, ఆ మర్నాటికో పిల్లికూతలు ఆగిపోయి, అసలు ఈ జబ్బు నాకెప్పుడైనా ఉందా అనిపించేది. వీటితో పాటు ఒక పంపు కూడా ఉండేది. నోట్లో పెట్టుకుని నొక్కి పీల్చేది. దాన్ని జేబులోనే పెట్టుకుని తిరిగేవాణ్ణి.

విజయవాడలో నన్ను చూసే ఛాతీ డాక్టరు నెమ్మదస్తుడు. ఒకసారి కాగితం మీద గొట్టం బొమ్మ గీసి చూపించాడు. మొదటి రెండు మందులూ బిగిసిన గొట్టాన్ని కాసేపు వదులు చేస్తాయి, మూడోది గొట్టం లోపలి వాపును తీస్తుంది అన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి ఇంకో మాట చెప్పాడు.

"ఈ తెల్ల బిళ్ళతో జాగ్రత్తండీ. మన ఒంట్లోనే ఇలాంటి సరుకు రోజూ తయారవుతుంది. బయటి నుంచి వస్తుంటే ఒళ్ళు ఆ పని మానేస్తుంది. మీరు ఉన్నట్టుండి ఆపేశారనుకోండి, అదీ లేదు, ఇదీ లేదు. అందుకని నాలుగు, మూడు, రెండు, ఒకటి, అర. అలా దిగాలి. ముఖం ఉబ్బుతుందేమో కూడా చూసుకుంటూ ఉండండి."

ఆ అంకెలు మెట్లు మెట్లుగా రాసి ఇచ్చాడు. ఆ కాగితం మడత పెట్టి పెట్టెలో దాచుకున్నాను. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసినది తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదు.

మా షెడ్డులో పెట్టెలు కట్టేవాళ్ళు పన్నెండుమంది ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకామె చాట్రాయి దారిలో ఉన్న ఊరి నుంచి వచ్చేది. నలభై దాటిన మనిషి. ఆమె మొగుడు మా తోటల్లోనే గడ చివర వలసంచి కట్టిన చిక్కం పట్టి కాయ కోసేవాడు. బంగినపల్లి ఎవరైనా కట్టగలరు, దాని తోలు మందం. చిన్న రసం అలా కాదు. బొటనవేలు గట్టిగా నొక్కినచోట మూడో రోజుకి నల్లమచ్చ తేలుతుంది. తొడిమ విరిగిందంటే సొన కారి, పక్కకాయ మీద కూడా కాలినట్టు చార పడుతుంది. ఆమె గుప్పెడు గడ్డిని గూడులా చుట్టి, కాయను అందులో దించే తీరు చూస్తే, నిద్రపోయే బిడ్డను పక్క మార్చినట్టుండేది. ఆమె కట్టిన పెట్టె నాగపూర్‌లో విప్పితే ఒక్క మచ్చ ఉండేది కాదు. అవతలి వ్యాపారులు నా పెట్టెల మీద ఆమె ముడి చూసి గుర్తుపట్టేవారు.

ఆమెకూ నా జబ్బే. గడ్డి దులిపే వేళకు ముక్కుకు కొంగు చుట్టుకునేది. అయినా పదింటికల్లా ఛాతీలోంచి కూత మొదలయ్యేది. పక్కవాళ్ళు నవ్వేవారు.

"వదినా, పొద్దున్నే పిల్లిని మింగొచ్చావేంటి?"

"మీ ఎలకల కోసమేలే," అనేది ఆమె, మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకుంటూ.

ఒక ఏడాది చిన్న రసాలు ఒక్కసారిగా దిగాయి. లారీ బయట నిలబడి ఉంది. ఆమె గడ్డికుప్ప మీద రెండు చేతులూ ఆనించి, భుజాలు పైకెత్తి, నోరు తెరుచుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం ఏమిటో నాకు తెలుసు. నీళ్ళలో మునిగినవాడు కాళ్ళకు నేల తగులుతుందేమోనని వెతుక్కోవడం లాంటిది అది. నా జేబులో పంపు ఉంది. రెండుసార్లు పీల్పిస్తే పది నిమిషాల్లో తేరుకునేది. ఇవ్వలేదు. ఆమె నోరు పెట్టింది మళ్ళీ నేను పెట్టుకోవాలి కదా అనుకున్నాను. అప్పుడు అదే నా మనసులో మెదిలిన మాట. ఇంకే మాటా మెదల్లేదు. పెట్టె తెరిచి మొదటి రకం బిళ్ళ ఇచ్చాను.

నాలుగు రోజులు అదే ఇచ్చాను. ఆయాసం కొంత తగ్గింది. అయిదో రోజు వచ్చి, "గుండెల్లో ఎవరో రోకలేసి దంచుతున్నారండీ. రాత్రంతా కన్ను మూతపడట్లేదు," అంది. మధ్యాహ్నం కాయ చేతిలో పెట్టుకునే కునుకు తీసింది. మందు మార్చాను.

సాల్బుటమాల్ ఇచ్చిన రోజు ఊపిరి బాగా ఆడింది, నవ్వుతూ పని మొదలుపెట్టింది. గంట తిరిగేసరికి చేతులు వణకడం మొదలైంది. తొడిమలు విరిగాయి. ఒక పెట్టెలో ఏడు కాయలకు సొన చారలు. అందరి ముందూ ఆ పెట్టె ఆమె కాళ్ళ దగ్గర బోర్లించాను.

"కల్లు తాగొచ్చావటే?"

"మీరిచ్చిన బిళ్ళేనండీ బాబుగారూ," అంది చేతులు చూపిస్తూ. ఆ చేతులు గాలికి ఆకు ఆడినట్టు ఆడుతున్నాయి. ఆడవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మర్నాటి నుంచి తెల్ల బిళ్ళ, పొద్దున నాలుగు. మూడో రోజుకు కూత లేదు, వణుకు లేదు. ఆకలి కూడా వేస్తోందంది. అందరికన్నా రెండు పెట్టెలు ఎక్కువ కట్టింది. నా మీద నేను ఏళ్ళ తరబడి పోల్చి చూసుకున్న మందుల్ని ఆమె మీద పదిరోజుల్లో పోల్చేశాను. నన్ను చూసుకున్నప్పుడు నా ఊపిరీ, నిద్రా, గుండే లెక్కలోకి వచ్చాయి. ఆమె దగ్గరకొచ్చేసరికి చేతులొక్కటే చూశాను. చేతులు వణకని మందు మంచి మందు. మూడింటిలోకీ ఒంటిని లోపల్నుంచి తినే మందు అదేనని నాకు తెలుసు.

బిళ్ళలు ఎప్పుడూ రేకుతో ఇవ్వలేదు. ఇంట్లోనే రేకు చింపి, విడిబిళ్ళలు కాగితంలో చుట్టి తెచ్చేవాణ్ణి. ఒకసారి అడిగింది.

"ఈ బిళ్ళ పేరేంటండీ?"

"పేరెందుకే నీకు? పెళ్ళి చేస్తావా?"

"ఇంటికాడ ఆయాసం వస్తే కొనుక్కుందావని."

"ఇది పనిలో ఉన్నప్పుడు వేసుకునే బిళ్ళ. ఖాళీగా కూర్చుని మింగేది కాదు."

తల ఊపింది. పేరు తెలిస్తే ఏ మందులషాపులోనైనా అడిగి కొనుక్కోగలదు. కొనుక్కోగలిగితే ఎవరి షెడ్డులోనైనా పెట్టెలు కట్టగలదు. మా ఊళ్ళో ఒక షెడ్డులో సీజను మొదలుపెట్టినవాళ్ళు ఆ సీజనంతా ఆ షెడ్డుకే చెందినట్టు లెక్క. ఆ కట్టుబాటు చాలదని నేను దానికి ఊపిరిని కూడా ముడేశాను.

రెండు సీజన్లు అలా గడిచాయి. రెండుసార్లూ ఆఖరి పదిరోజుల్లో డాక్టరు కాగితం చూసి బిళ్ళలు తగ్గించాను. నాలుగు, మూడు, రెండు, ఒకటి, అర. ఆమెకది తెలియదు. కాయ తగ్గిపోతోంది కాబట్టి బిళ్ళా తగ్గుతోందనుకుంది. అలా అని నాతో అంది కూడా. నేను నవ్వి ఆ రోజు పొట్లం ఆమె చేతిలో పెట్టాను.

మూడో సీజనులో ఆమె ముఖం మారింది. బుగ్గలు నిండి, గడ్డం కింద కండ వచ్చి, ముఖం గుండ్రంగా అయింది. పాత రవికలు పట్టక పక్కలు విప్పి కుట్టుకుంది. ఆడవాళ్ళకు కొత్త నవ్వులు దొరికాయి.

"కాయల కంటే ముందు నువ్వే ముగ్గావే అక్కా."

"షావుకారు గారు దేంతో మేపుతున్నారో మాక్కూడా చెప్పు."

ఆమె సిగ్గుపడేది. పెళ్ళయినప్పటి నుంచీ బక్కచిక్కి ఉన్న మనిషి. ఊళ్ళో అందరూ ఒళ్ళు చేసిందంటున్నారని, మొగుడు అద్దం కొనిచ్చాడని చెప్పింది. ముంజేతుల మీద చిన్న దెబ్బకే నల్లగా కమిలిన మచ్చలుండేవి. పెట్టెల అంచులు తగిలాయనుకునేది. నేను ఆ ముఖం చూశాను, ఆ మచ్చలూ చూశాను. ఆ ఏడాది కాపు బాగుంది. ఇంకో నెల గడిస్తే చాలనుకున్నాను.

జూన్ మొదటి వారంలో నా చిన్న రసాలు అయిపోయాయి. జి. కొండూరు వైపు తోటలో కలెక్టరు మామిడి మిగిలింది గానీ అది ఎవరైనా కడతారు. దాని కోతకు ఇంకా రెండు రోజులుంది, అప్పటిదాకా పని లేదని ఆడవాళ్ళకు చెప్పాను. రెండో రోజు సాయంత్రం తెలిసింది, ఆమె ఆ రెండు రోజులూ ఇంకో వ్యాపారి షెడ్డులో పెద్ద రసాలు కట్టిందని. ఆ వ్యాపారే నాతో చెప్పాడు, కాఫీ హోటల్లో, నలుగురిలో. "మీ మనిషి చేతులు మా కాయ మీద కూడా పడ్డాయండోయ్," అన్నాడు. నా ముఖం మాడిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె షెడ్డుకు వచ్చింది. రెండు రోజులుగా బిళ్ళ లేదు. కూత లేదు గానీ మనిషి వేలాడిపోయి ఉంది.

"నీరసంగా ఉందండీ. కడుపులో తిప్పుతోంది. బిళ్ళలివ్వండి బాబుగారూ, పనిలోకి వస్తాను."

"ఎవరి పెట్టెలు కట్టావో వాళ్ళనే అడుగు బిళ్ళలు."

మా షెడ్డు మేస్త్రి నవ్వాడు. నేను హాస్యమాడుతున్నాననుకుని ఆమె కూడా నవ్వింది. తలుపు పక్కన నిలబడింది. నేను లారీ చూసుకున్నాను, తాళ్ళు లెక్కపెట్టించాను, కావాలనే ఆమె ముందు నుంచి నాలుగుసార్లు తిరిగాను. మధ్యలో నాకు కాస్త ఊపిరి పట్టేసింది. జేబులోంచి పంపు తీసి ఆమె ఎదురుగానే రెండుసార్లు పీల్చాను. ఆమె నా నోటి వంకే చూసింది. పన్నెండు దాటాక, "రెండు రోజులు ఖాళీయే గదండీ అని వెళ్ళాను. తప్పయింది," అంది.

"సరే, తెలిసింది కదా. వచ్చే ఏడాది చూద్దాంలే. నీకు ఈ ఏడాదికి పని అయిపోయింది, బిళ్ళలూ అయిపోయినాయి."

తమలపాకుల పెట్టె నా పక్కనే ఉంది. అందులో మెట్లు మెట్లుగా రాసిన కాగితమూ ఉంది. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని ఎండలోనే బస్సు కోసం వెళ్ళింది.

తొమ్మిదో రోజున వానలు పడ్డాయి. ఆ మర్నాడు నేను భోజనం చేస్తుంటే ఆమె మొగుడు ఎవరిదో సైకిలు మీద వచ్చాడు. తడిసిపోయి, వాకిట్లోనే నిలబడ్డాడు. విత్తనాలు వేస్తూ చేలో కూలబడిపోయిందని, ఎడ్లబండిలోనూ ఆ తర్వాత బస్సులోనూ వేసి నూజివీడు ఆసుపత్రికి తెచ్చానని చెప్పాడు.

"పొద్దున్నుంచి వాంతులండీ. ఊపిరి అందట్లేదు. ఏం మందులు వాడుతుందని అడుగుతున్నారు డాక్టరు గారు. తెల్ల బిళ్ళని చెప్పాను. తెల్లబిళ్ళలు వెయ్యి ఉంటాయి, పేరు రాయించుకు రమ్మన్నారండీ."

లేచి చెయ్యి కడుక్కుని బల్ల మీది కాగితం ఒకటి తీసుకున్నాను. లారీ సరుకు వేబిల్లు వెనక పక్క అది. పెన్సిలు పట్టుకుని ఆగాను. మూడేళ్ళు డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ మింగించానని అక్కడ తెలిస్తే ఏమవుతుంది? పోలీసులు, ఊళ్ళో మాట, కాఫీ హోటల్లో నవ్వు. ఎలాగూ ఆసుపత్రిలో ఉంది, ఆయాసానికి వైద్యం వాళ్ళకు తెలియదా అనుకున్నాను. థియోఫిలిన్ అని రాశాను. అందరూ వాడే బిళ్ళ, ఎవరూ తప్పుపట్టని పేరు.

అతను కాగితం తడవకుండా తలపాగా మడతలో పెట్టుకున్నాడు. "ఉంటానండీ," అని సైకిలెక్కాడు. నేను మళ్ళీ కూర్చుని మజ్జిగ అన్నం తిన్నాను. ఆ రోజు ఊరగాయ ఏమిటో కూడా నాకు గుర్తుంది.

సాయంత్రానికి ఆమె పోయింది.

మర్నాడు దహనానికి కావలసిన సామాను నేనే పంపించాను, నేనూ వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదు. స్నానం చేయించిన ఆడవాళ్ళు ముఖానికి పసుపు రాశారు. "ఎంత నిండుగా ఉందే ముఖం, జబ్బుతో పోయిన మనిషిలాగే లేదు," అని ఎవరో అన్నారు. చాలామంది ఆ మాటే అన్నారు. మొగుడు నా దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు.

"మీరు రాసిచ్చిన చీటీ చూపించానండీ. అది చూసి డాక్టరు గారు సూది సగమే వేశారు. ఆ మందు ముందే ఒంట్లో ఉందంట కదండీ, నిండుగా వేస్తే గుండె ఆగుద్దంట. చీటీ తేకపోతే వాళ్ళు నిండుగా వేసేవాళ్ళేనండీ."

నేను అతని చేతులు విడదీయలేదు. అలాగే జోడించి ఉంచనిచ్చాను.

రెండు నెలల తర్వాత విజయవాడ వెళ్ళినప్పుడు డాక్టర్ని అడిగాను, దూరపు బంధువు ఒకామె సంగతి అన్నట్టుగా. ఆయన పూర్తిగా విని చెప్పాడు. అలా ఉన్నట్టుండి స్టెరాయిడ్ ఆగిపోయిన మనిషి వాంతులతో వస్తే, అన్నిటికంటే ముందు ఆ స్టెరాయిడే నరంలోకి ఎక్కించాలి. థియోఫిలిన్ వాడుతున్న మనిషికి అదే జాతి ఇంజెక్షన్ తగ్గించి ఇవ్వడం సరైన పనే. చూసిన డాక్టరు తన ముందున్న కాగితాన్ని బట్టి చేసినదాంట్లో తప్పు లేదన్నాడు.

"కాగితం తప్పయితేనండీ?" అన్నాను.

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "మీ బంధువు బతికే ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. నా చీటీ రాసి, డ్రాయరు మూసి, తర్వాతి మనిషిని పిలిచాడు. ఆ తర్వాత నేను డాక్టర్ని మార్చాను.

నా చీటీ రెండు మందుల్నీ ఆమెకు సరిగా అందకుండా చేసింది. కావలసినదాని పేరు లేకపోవడం వల్ల ఒకటి, అక్కర్లేనిదాని పేరు ఉండడం వల్ల ఇంకొకటి. నేనేమీ రాయకుండా, తెలియదని పంపేసినా ఆమెకు ఇంతకన్నా మేలు జరిగేది. నిజం రాయడానికి కావలసిన ధైర్యం సంగతి అటుంచి, ఊరికే ఉండే బుద్ధి కూడా లేకపోయింది నాకు.

తర్వాతి సీజను మొదటి రోజున ఆమె మొగుడు చిక్కం భుజాన వేసుకుని మామూలుగానే పనిలోకి వచ్చాడు. అందరూ తోటకు బయల్దేరుతుంటే వెనక ఆగి, రొంటిన దోపుకున్న చిన్న కాగితం పొట్లం తీశాడు. విప్పి చూపించాడు. ఆరు తెల్ల బిళ్ళలు. కొన్ని అంచులు అరిగాయి.

"దాని కొంగుముడిలో ఉన్నాయండీ. ఊపిరి బాగున్న రోజున ఒకటి మింగకుండా దాచుకునేదంట. ఈ ఏడాది మీరివ్వకపోతే పనిలోకి రావడానికని."

"ఆయాసం వచ్చినప్పుడు వేసుకోలేకపోయిందా?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"వేసుకోవే అన్నానండీ, చేలో కూడా అన్నాను. ఇయ్యి పనిలో ఉన్నప్పుడేసుకునేవి, షావుకారు గారు చెప్పారు, ఊరికే మింగకూడదు అంది. ఆసుపత్రిలో డాక్టరు గారికి కూడా చూపించానండీ. రేకు ఉంటే తెలిసేది, విడిబిళ్ళ చూసి ఏం చెప్పను అన్నారు. అందుకే మీ దగ్గరకు పరిగెత్తుకొచ్చాను."

వాకిట్లో తడిసి నిలబడ్డ రోజున ఆ బిళ్ళలు అతని దగ్గరే ఉన్నాయన్న మాట.

అతను పొట్లం మళ్ళీ జాగ్రత్తగా మడిచాడు. షెడ్డులో గడ్డి దులపడం మొదలైంది. కొత్తగా చేరిన పెట్టెలు కట్టే ఆమె ఎవరో లోపల దగ్గుతోంది. అతను అటు చూసి, పొట్లం నా ముందు పట్టాడు.

"ఆవిడకి పనికొస్తాయేమోనండీ. మా దానికి బాగా పనిచేసినాయి. మీ బిళ్ళల మూలానే ఆ మూడేళ్ళయినా మనిషిలా తిరిగింది."

లారీ డ్రైవరు హారను కొట్టాడు.

"అక్కడ పెట్టు," అన్నాను.

తమలపాకుల పెట్టె మీద పొట్లం పెట్టి, చిక్కం సర్దుకుని, తోటకు వెళ్ళిపోయాడు.